మన మట్టే గదా

నవంబర్ 10, ఆదివారం

ఈ ఏటి మొదటి ముల్లంగి ఇవాళ పీకాం. మా అమ్మాయి అనూహ్యే పీకింది. రెండు చేతులతో ఆకులు గుప్పిట పట్టి, వెనక్కి వాలి లాగేసరికి దుంప ఊడొచ్చి పిల్ల వెల్లకిలా మట్టిలో పడింది. పడి పకపకా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. అరుగు మీద కూర్చున్న మామ ఎడమ చేతిని తొడ మీద చరుస్తూ, "సబాష్ రా నా బిడ్డ!" అన్నాడు. కుడి చెయ్యి ఎప్పటిలాగే మణికట్టు దగ్గర వేలాడుతోంది. నేను కాపురానికి వచ్చిన నాటికే అది అంతే. వాతమట.

పిల్ల దుంపను గౌనుకు తుడుచుకుని కరకరా కొరికింది. "కడుక్కొని తినరాదే" అన్నాడు మా ఆయన వేణు. నేనే అడ్డం పడ్డాను. "ఏంగాదు. మన మట్టే గదా. మందులు కొట్టినమా, మోరీ నీళ్ళు పారబెట్టినమా?"

ఆ మడికి వంక పెట్టడానికి లేదు. పాత కొట్టం పడగొట్టిన జాగా. పోయినేడు కూడా అక్కడే వేశాను. నేల నల్లగా, గుల్లగా ఉంటుంది, దుంప వంకర పోకుండా నిలువుగా దిగుతుంది. ఛత్రినాకలో పెరడున్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళు కూడా గదులు వేసి అద్దెకిచ్చుకుంటున్నారు. మేమే పిచ్చివాళ్ళలా కూరలు పండించుకుంటున్నామని నవ్వుతారు. నవ్వినవాళ్ళే గిన్నెలు పట్టుకుని వస్తారు.

సాయంత్రం వాడకట్టులో తలా రెండు పంచాను. పక్కింటి నాగమణమ్మ కోడలు రచనకు మాత్రం ఒక కట్ట ఇచ్చాను. ఐదో నెల. అన్నం వాసనే పడడం లేదు గానీ ముల్లంగి ముక్కల మీద ఉప్పు చల్లి నిమ్మకాయ పిండి ఇస్తే పళ్ళెం ఖాళీ చేసింది. "అక్కా, నువ్వు లేకుంటే నేను గీ నెలలు ఎట్ల ఎల్లదీద్దునో" అంది.

అనూకు మళ్ళీ కడుపునొప్పి. మధ్యాహ్నం తిన్న మిర్చి బజ్జీయే.

నవంబర్ 13, బుధవారం

టీచర్ పిలిపించింది. పోయినేడు గడగడా చదివిన పిల్ల ఇప్పుడు అక్షరాలు మరిచిపోతోందట. పక్క పిల్లల్ని కొరుకుతోందట. కొత్త టీచర్. పిల్లల్ని దగ్గరికి తీయడం రాదు, అంతే.

నవంబర్ 14

కడుపునొప్పి. వాము నీళ్ళు ఇచ్చాను.

నవంబర్ 16, శనివారం

అనూ ముఖం పాలిపోయి, పెదవులు కూడా తెల్లబడ్డాయి. రక్తం పట్టాలని వారం నుంచి రోజూ ముల్లంగి ఆకు పప్పు చేస్తున్నాను. తిననని మొండికేస్తే కథలు చెప్పి, బతిమాలి, చివరికి ఒకటి తగిలించి మరీ తినిపించాను.

నవంబర్ 18

అనూ పడిపోయింది.

నవంబర్ 20, బుధవారం. ఆస్పత్రి.

వేణు మొన్న బట్టలతో పాటు ఈ డైరీ కూడా తెచ్చాడు, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం అనుకుని. తెచ్చాడు కాబట్టి రాస్తున్నాను. చేతులకు ఏదో ఒక పని.

సోమవారం పొద్దున బడికి తయారు చేసి జడ వేస్తున్నాను. ఒక జడ అయింది. రెండో జడకు పాయలు తీస్తుంటే పిల్ల మెడ నా చేతిలో బిగుసుకుంది. ఆడుతోందనుకున్నాను. "కదలకే" అని నెత్తి మీద మొట్టాను కూడా. అప్పుడు కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. పళ్ళ మధ్య నురగ. నేను అరిచానో లేదో గుర్తు లేదు. నాగమణమ్మ గోడ అవతల నుంచి పరుగెత్తి వచ్చి పిల్లను పక్కకు ఒరిగించింది. ఆమె కొడుకే ఆటో తెచ్చాడు.

ఇక్కడికి వచ్చాక ఇంకోసారి వచ్చింది. ఇప్పుడు నిద్రపోతోంది. ఒక జడ ఉంది, ఒకటి లేదు.

నాకు ఏడుపు రావడం లేదు. పక్క మంచం ఆమె నన్ను చూసి, "ఏడువు చెల్లె, మంచిగైతది" అంది. సరేనన్నాను.

నవంబర్ 21, గురువారం

పిల్లల డాక్టరమ్మ పేరు షారోన్. చిన్న వయసే. మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచి కూర్చోమంది. కూర్చోమన్నప్పుడే మంచి వార్త కాదని తెలిసింది.

"పాప రక్తంలో సీసం ఉందమ్మా" అంది.

"సీసానా? సీసా పెంక మింగిందా?" అన్నాను.

"సీసా కాదమ్మా, సీసం. లోహం. బ్యాటరీల్లో ఉంటుంది, పాత రంగుల్లో ఉంటుంది. ఐదు దాటితేనే మేము ఆలోచనలో పడతాం. పాపకు డెబ్బై దాటింది. కడుపునొప్పి, చదివింది మరిచిపోవడం, ఫిట్స్, అన్నీ దానివల్లే. ఇది ఒక్కరోజులో ఎక్కేది కాదు. నెలల తరబడి లోపలికి పోతూ ఉండాలి."

నెలల తరబడి. పిల్లకు ఏం పోయినా నా చేతుల మీదుగానే కదా పోతుంది.

"ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా?"

వేణు తల వంచుకుని, "లేదు మేడం. నేను లాడ్ బజార్ల గాజుల దుకాణంల పని చేస్త" అన్నాడు.

"గాజులా? ఇంటికి తెస్తారా?"

తెస్తాడు. తెస్తూనే ఉంటాడు. పగిలినవి, జత తప్పినవి, రంగు పోయినవి. అనూ ఆడుకుంటుంది, నోట్లో పెట్టుకుంటుంది. నేను ఎన్నిసార్లు వద్దన్నాను!

గాజులే.

నవంబర్ 22, శుక్రవారం

స్నానానికి ఇంటికి వచ్చాను. గాజులన్నీ సంచిలో మూటగట్టాను. వేణు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"చెప్పిన గద తేవద్దని! నువ్వు తెచ్చిన గాజులే నా బిడ్డ పానం మీదికి తెచ్చినయ్. పదేండ్లు చెప్పిన నీకు!"

పదేళ్ళు చెప్పలేదు. ఎప్పుడో ఒకసారి చెప్పానేమో. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "పరీక్షకు ఇచ్చొస్త" అని మూట తీసుకుని వెళ్ళాడు. ఎదురు చెబితే బాగుండేది.

పెరట్లో ముల్లంగి చూసే దిక్కు లేక ముదిరిపోతోంది. నాగమణమ్మను పిలిచి, "ఉన్నయన్ని పీక్కపోయి రచనకియ్యి పెద్దమ్మా, ఖరాబైతయ్" అన్నాను. బిడ్డ కోలుకోవాలని లాల్ దర్వాజ అమ్మవారికి మొక్కుకున్నానంది. నాలుగు మొక్కలు ఉంచి మిగతావి పీక్కుని వెళ్ళింది.

నవంబర్ 25, సోమవారం

గాజులు కాదట. వాటిలో కొంచెం ఉంది గానీ ఇంత నంబరు రాదట. నీళ్ళు కాదు. పసుపు కాదు. రంగు కోసం అందులోనూ సీసం కలుపుతారని విని నేను పసుపే అనుకున్నాను. అఫ్జల్‌గంజ్‌లో మా అమ్మ కొని పంపిన పసుపు. అమ్మతో ఫోన్‌లో గొడవ కూడా పెట్టుకున్నాను.

డాక్టరమ్మ, "పాప మట్టి తింటుందా?" అని అడిగింది.

తినదన్నాను. తినదు కూడా. ముల్లంగి తింటుంది. దాని గురించి ఆమె అడగలేదు.

నవంబర్ 26

మందు వచ్చింది. ఇక్కడ దొరకదట, బొంబాయి నుంచి తెప్పించారు. గొట్టం మాత్ర విప్పి, లోపలి పొడి అరటిపండులో కలిపి పెట్టాలి. కుళ్ళిన గుడ్డు వాసన. పిల్ల నా ముఖం మీద ఉమ్మింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మింది. మళ్ళీ పెట్టాను.

నవంబర్ 27, బుధవారం

మధ్యాహ్నం మామకు అన్నం పెట్టడానికి ఇంటికి వచ్చాను. ఇన్నాళ్ళూ ఆయనకు "రక్తం తక్కువుంది" అని మాత్రమే చెప్పాం. ఎడమ చేత్తో ముద్ద కలుపుతూ అడిగాడు.

"ఏమైంది బిడ్డా నా మన్మరాలికి? నాకెవ్వలు చెప్తలేరు."

"నెత్తుర్ల సీసం ఉన్నదంట మామా."

చేతిలో ముద్ద అలాగే ఆగింది. "సీసమా? బ్యాటరీల సీసమా?"

నేను బ్యాటరీల మాట అనలేదు.

"ఔ మామా. నీకెట్లెర్క?"

ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. పెరట్లోకి వెళ్ళి మడి ముందు నిలబడ్డాడు. ఎంగిలి చేతితోనే నేలను చూపించాడు.

"గీడనే. గీ కొట్టంలనే. పాత బ్యాటరీలు పగలగొట్టి, కడాయిల సీసం కరగబోసి, దిమ్మెలు చేసి బేరగాళ్ళకు అమ్మేటోణ్ణి. మస్తు ఏండ్లు చేసిన. గా నీళ్ళు, గా బూడిద, అంత గీ మట్టిలనే పారబోసిన."

"నువ్వెన్నడు చెప్పలేదేంది మామా?"

"ఎవలడిగిన్రు బిడ్డా? ఎప్పటి ముచ్చటనో. కడుపు నింపిన పని. చెయ్యి పడిపోయినంక ఇడిసిపెట్టిన." అని ఆగాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పైకి ఎత్తి, ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "గీ చెయ్యి గూడ గందుకేనా?"

నాకేం తెలుసు. తర్వాత ఆయన అడిగింది రాయడానికి చాలాసేపు పట్టింది.

"మరి మా బాలమణికి?"

బాలమణి ఎవరో నాకు తెలియదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ పేరు నేను వినలేదు.

"వేణుకు చెల్లె. నాలుగేండ్ల పిల్ల. గిట్లనే కడుపు నొస్తుందని ముడుసుకునేది. గిట్లనే ఫిట్సొచ్చినయ్. గాలి సోకిందన్నరు. మీ అత్త ఎల్లమ్మ దాన్ని ఎత్తుకొని తిరగని దర్గ లేదు, ఎక్కని గుడి లేదు. ఒకనాడు పొద్దుగాల లేవలే." మట్టి వైపు చూశాడు. "నేను పని చేస్తుంటే గీడనే కూసోని ఆడుకునేది. దానికి గూడ గిదేనా బిడ్డా?"

మెతుకులు ఆయన వేళ్ళ మీదే ఎండిపోయాయి. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చెయ్యి కడిగాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

నవంబర్ 28, గురువారం

డాక్టరమ్మకు అన్నీ చెప్పాను. కొట్టం గురించి, మడి గురించి, ముల్లంగి గురించి. ఆమె కలం కింద పెట్టి, "కడగకుండా తినేదా?" అంది. తల ఊపాను. మట్టి, ఆ నాలుగు మొక్కల్లో ఒక దుంప, ఆకులు తెమ్మంది. మూడు సంచుల్లో ఇచ్చి వచ్చాను.

బయట వరండాలో వేణును అడిగాను. "గా దినం బ్యాటరీల పని చేస్తరా అంటే లేదన్నవ్. నీకు యాదికి రాలేదా?"

గోడ వైపు తిరిగి చెప్పాడు.

"వచ్చింది. బ్యాటరీ అనంగనే కొట్టం యాదికొచ్చింది. కొట్టంతోని చెల్లె యాదికొచ్చింది. నాకు గప్పుడు ఎనిమిదేండ్లు. నోరు రాలే అమలా. ఔనంటే... బాపే చెల్లెను చంపిండని అన్నట్టయితది గద."

వారం రోజులు నన్ను గాజులనీ పసుపనీ అనుకోనిచ్చాడు. నేను ఆయన మీద అరవాలి. అరుపు రాలేదు. నేనూ ముల్లంగి మాట చెప్పలేదు కదా.

డిసెంబర్ 3, మంగళవారం

మట్టే.

దుంపలో కూడా, ఆకులో కూడా. ఎక్కువగా మాత్రం దుంపలకు అంటుకున్న మట్టి, గోళ్ళలో మట్టి, ఇంట్లోకి వచ్చిన దుమ్ము. రక్తం పట్టాలని నేను పెట్టిన పప్పు. తిననంటే కొట్టి పెట్టిన పప్పు.

పళ్ళు తోముకోవడం మరిచిపోయానని మధ్యాహ్నం గుర్తొచ్చింది.

డిసెంబర్ 6, శుక్రవారం

ఇంటికి పంపారు. ఇంటికి కాదు, అమ్మ దగ్గరికి, అఫ్జల్‌గంజ్‌కు. నేను అక్కడికీ ఇక్కడికీ తిరగాలి. పెరడు కప్పేదాకా పిల్ల ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నంబరు సగానికి దగ్గరగా దిగింది. మళ్ళీ ఎముకల్లోంచి పైకి వస్తుందట, ఇంకో విడత మందు వాడాలి. చదువు సంగతి అడిగితే, "ఇప్పుడే చెప్పలేమమ్మా, చూద్దాం" అంది.

చూద్దాం అన్న మాట ఇంత పెద్దదని నాకు తెలియదు.

డిసెంబర్ 8, ఆదివారం

మడి పోయింది. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని, వేణూ మేస్త్రీ కలిసి కాంక్రీటు పోసి పైన షాబాద్ బండలు పరిచారు. మిగిలిన ముల్లంగి మొక్కలు ఆస్పత్రివాళ్ళు చెప్పినట్టు సంచిలో కట్టేశాం. మామ అరుగు మీదే కూర్చుని చివరి బండ పడేదాకా చూశాడు. నీళ్ళు కూడా ముట్టలేదు.

ఎదురింటి కొమురమ్మ తొంగి చూసి, "ఏందమ్మా, మంచి మడి తీసేస్తుండ్రు?" అంది.

"పురుగు పడ్డది. మీకిచ్చినయి గూడ ఉంటే పారెయ్యున్రి" అన్నాను.

పురుగు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో. వచ్చాక బాగానే అనిపించింది. అందరికీ అదే చెప్పాను. నాగమణమ్మకు కూడా గోడ మీద నుంచి చెప్పాను. పారేయమనే కదా చెప్పాను. అసలు విషయం అదే కదా.

వేణు కూడా, "ఇప్పుడే చెప్పకు. వాడకట్టంత లొల్లి చేస్తరు. బాపు తట్టుకోడు" అన్నాడు.

డిసెంబర్ 10

రచనకు చెప్పాలి. ఇవాళ వెళ్ళాను. పడుకుని ఉంది.

డిసెంబర్ 11

పడుకుని ఉందని నాగమణమ్మ చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంటే నేనే అనుకున్నాను.

డిసెంబర్ 13, శుక్రవారం

కడుపుతో ఉన్న పిల్లను భయపెడితే అదో ప్రమాదం. తినడం ఎలాగూ ఆగిపోయింది. శ్రీమంతం అయ్యాక నిదానంగా చెబుతాను.

డిసెంబర్ 15

శ్రీమంతం ఏడో నెలలో చేస్తారట.

డిసెంబర్ 17, మంగళవారం

పెరట్లో బండలు తడిగుడ్డతో తుడుస్తున్నాను. రోజూ రెండు పూటలా తుడుస్తున్నాను. గోడ అవతల నుంచి రచన పిలిచింది.

"అక్కా, అనూ ఎప్పుడొస్తది? నాకేం తోస్తలేదు."

చేతిలో చిన్న గాజు సీసా. అందులోంచి ఏదో తీసి నములుతోంది. తెల్లటి ముక్కలు.

"ఏం తింటున్నవే?"

నవ్వింది. "నీ ముల్లంగే. అత్తమ్మ పురుగుపడ్డది పారెయ్యమన్నది. నేను చూసిన, ఒక్క పురుగు గూడ కనబడలే. మంచిగ కడిగి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి పెట్టుకున్న. రోజిన్ని తింటున్న. గివి లేకుంటే నాకు ముద్ద దిగుతలేదక్కా."

గోడ ఎలా ఎక్కానో తెలియదు. మోకాలు చెక్కుకుపోయింది, అది ఇందాక చూసుకున్నాను. సీసా లాక్కున్నాను. "ఉమ్మెయ్, ఉమ్మెయ్" అని దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. రచన మొదట నవ్వింది. నా ముఖం చూసి ఆపింది. నాగమణమ్మ వంటింట్లోంచి వచ్చింది.

అప్పుడు చెప్పాను. కొట్టం, సీసం, అనూ ఫిట్స్, డాక్టరమ్మ మాట, అంతా. నిలబడి, సీసా కొంగులో పట్టుకుని చెప్పాను. ఎక్కడా ఆగలేదు. రచన చెయ్యి మెల్లగా కడుపు మీదికి వెళ్ళింది.

అడిగింది నాగమణమ్మ. "పురుగంటివి గద. నీకు తెల్సి ఎన్ని రోజులాయె?"

"రెండు వారాలు" అన్నాను. అంతకంటే ఎక్కువే.

"రెండు వారాలు! గా దినం నీ బిడ్డ కొట్టుకుంటుంటే నేను చెప్పుల్లేకుంట ఉరికొచ్చిన. నా కోడలు ఇసం తింటుంటే నువ్వు గోడకు గాపక్క కూసోని చూసినవా?"

చూడలేదు పెద్దమ్మా, తింటోందని నాకు తెలియదు, అందామనుకున్నాను. తెలుసుకోవడానికి వెళ్ళలేదని కూడా అనాల్సి వస్తుంది. ఈసారి వాళ్ళ వాకిట్లోంచే బయటికి వచ్చాను. వెనక తలుపు పడింది.

డిసెంబర్ 18, బుధవారం

పొద్దున మా గుమ్మం ముందు జనం. కొమురమ్మ మనవడిని ఎత్తుకుని వచ్చింది. "మా పిలగాడు గూడ తిన్నడు, వానికేమన్నయితే నేనెవ్వలకు చెప్పుకోవాలె?" అని ఏడుపు. ఎవరో పోలీసులకు చెబుదామన్నారు. ఎవరో మా ఇంటి నీళ్ళు కూడా ముట్టొద్దన్నారు. వేణు చేతులు జోడించి ఏదో చెబుతున్నాడు, ఎవరికీ వినిపించడం లేదు.

మామ లోపలి నుంచి వచ్చాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని అందరికీ కనిపించేలా పైకి ఎత్తాడు. అరుపులు తగ్గాయి.

"నా కోడల్ని ఏమనకున్రి. చేసింది నేను. మట్టి ఖరాబ్ చేసింది నేను. గీ చెయ్యి గట్లనే పోయింది. నా బిడ్డ బాలమణి గట్లనే పోయింది, మీల పెద్దోళ్ళకు యాదుంటది." ఎత్తిన చెయ్యి దించి, "మా కొట్టం ఒక్కటే గాదు. గప్పుడు గీ గల్లీల నలుగురం చేసినం గీ పని. మిగిలినోళ్ళు పోయిన్రు. ఏడేడ కరగబోసినమో నాకు ఎర్క. రాన్రి, సూపిస్త."

నడిచాడు. జనం వెనక నడిచారు. మూలమీది పురుషోత్తం ఇంటి వెనక ఒక చోట, పాత పాల డిపో పక్కన ఒక చోట, ఇప్పుడు పిల్లలు గోలీలాడే ఖాళీ జాగాలో ఒక చోట. ప్రతిచోటా వంగి, వేలాడే చేతి వేళ్ళు నేలకు ఆనించి, "గీడ" అన్నాడు.

ఖాళీ జాగా దగ్గర "గీడ" అనగానే గోలీలాడుతున్న పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టి లేపుకుపోయారు.

డిసెంబర్ 21, శనివారం

డాక్టరమ్మ మనుషుల్ని పంపింది. బస్తీ దవాఖానలో వాడకట్టు పిల్లలందరికీ రక్తం తీశారు. వరసలో నన్ను చూసి ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. కొమురమ్మ తిప్పుకోలేదు, కానీ పలకరించలేదు. రచన రాలేదు. భయపడుతోందట. సూదికి కాదు, నంబరుకు.

మామ రెండు రోజులుగా అరుగు మీదికి రావడం లేదు. వేణు దుకాణం మానేసి ఆయన పక్కనే కూర్చుంటున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ఇవాళ అన్నం తీసుకుని వెళితే వేణు అడుగుతున్నాడు, "బాపు, చెల్లె ఏమాడేదే గీడ?" అని. మామ చెబుతున్నాడు. నేను పళ్ళెం గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

డిసెంబర్ 26, గురువారం

తలుపు తీస్తే రచన. ఒక్కతే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రక్తం ఇయ్యనీకి పోవాలె. మా ఆయన డ్యూటీల ఉన్నడు. అత్తమ్మకు ఆ డాక్టరమ్మ కాడికి ఎట్ల పోవాల్నో ఎర్కలేదు" అంది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసి, "నువ్వే ఇచ్చినవ్ గద. నువ్వే రా" అంది.

కుట్టు మిషన్ మీద జాకెట్టు అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాను.

డిసెంబర్ 30, సోమవారం

ఇవాళ ఫలితానికి మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఆస్పత్రిలో నర్సు కార్డు రాసుకుంటూ నా వైపు చూసి, "ఈమె నీకేమైతది?" అని రచనను అడిగింది.

"పక్కింటామె" అంది రచన.

ఇంతకుముందు నలుగురిలో నన్ను "మా అక్క" అనేది. నేను బెంచీ మీద కొంచెం జరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ కాగితం చూసి ముందు రచననే కూర్చోమంది. నన్నూ ఆ రోజు అలాగే కూర్చోమంది. కానీ ఆమె ముఖం వేరేగా ఉంది.

"ఎనిమిది. ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ. కానీ నేను భయపడ్డంత లేదు. క్యాల్షియం, ఐరన్ వదలకుండా వేసుకో. నెలకోసారి చూద్దాం, పుట్టాక పాపనూ చూద్దాం. ఇప్పుడు ఆపేశావు కాబట్టి చాలావరకు ఏమీ కాదు." తర్వాత నాతో అంది, "వాడకట్టులో ఏడుగురు పిల్లలకు ఎక్కువ వచ్చిందమ్మా. వాళ్ళకూ మందు తెప్పిస్తున్నాం. కనిపెట్టకపోయి ఉంటే ఇంకా ఎన్నాళ్ళు తిరిగేవాళ్ళో ఆ మట్టిలో."

ఏడుగురు. వాళ్ళలో కొందరు నా ముల్లంగి తిన్నవాళ్ళు. కొందరు తినలేదు, గోలీలాడారు. ఎవరు ఏదో నేను అడగలేదు. అడగాలి. రేపు అడుగుతాను.

బయటికి వచ్చాక రచన వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. చిన్నపిల్లలా, పెద్దగా. నేను దగ్గరికి వెళ్ళలేదు. నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. అయ్యాక చెయ్యి చాపితే ఇచ్చాను.

ఆటో ఎక్కాం. కొంతదూరం బయటికే చూస్తూ, "అనూకు ఎట్లున్నది?" అంది.

"తగ్గుతున్నది. ఇంకో విడత మందు నడుస్తున్నది. నిన్న వాళ్ళ అమ్మమ్మను కొరికింది."

"మంచిగయితది" అంది రచన, బయటికే చూస్తూ.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఇన్ని రోజులకు. శబ్దం రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె చూసిందో లేదో. కాసేపటికి నా భుజం మీద బరువు. తల వాల్చి నిద్రపోతోంది. తెలిసి వాల్చిందో, నిద్రలో వాలిందో. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా తల జారకుండా భుజం ఎత్తి పట్టుకున్నాను.

ఆటో మా ఇళ్ళ ముందు ఆగింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. నేను లేపలేదు.

నాగమణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడల్ని చూసింది, నన్ను చూసింది. ఎనిమిదేనని వేళ్ళు చూపించాను. ఆమె లేపమనలేదు. లోపలికి వెళ్ళి ఒక స్టూలు తెచ్చుకుని, ఆటో పక్కనే నీడలో వేసుకుని కూర్చుంది.